బురుజు నీడలో ఒక పూట

కర్నూలు వచ్చి ఉగ్గాని తినకుండా పోతే మా మామ ఊరుకోడు. అందుకే బస్సు దిగి ముందు ఆయన చెప్పిన బండి దగ్గరికే పోయాను. ఉగ్గాని మీద రెండు మిరపకాయ బజ్జీలు, తలెత్తితే కొండారెడ్డి బురుజు.

16వ శతాబ్దంలో విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో కట్టిన కోట ఇది. గోడలు చాలావరకు పోయి, బురుజు గట్టిగా నిలబడింది. లోపల నుంచి తుంగభద్ర కిందుగా గద్వాల దాకా సొరంగం ఉందని మామ చిన్నప్పుడు చెప్తే భయంతో నిద్రపట్టలేదు. ఇప్పటికీ లోపలికి పోతే కళ్లు దాన్నే వెతుకుతాయి.

సినిమాల్లో కనిపించినంత పెద్దదేం కాదు. చుట్టూ ఆటోలు, పళ్ల బండ్లు, హారన్ల గోల. నాకు ఆ గోలే నచ్చింది. ఫోటోకు వచ్చినవాడు టీ తాగుతాడు, టీ తాగినవాడు పక్క బజారులో చెప్పులు బేరమాడతాడు. "బురుజు లేకుంటే నా బండికి అడ్రస్ యాడిది సార్?" అన్నాడు బండాయన.

నేనుండే హైదరాబాదులో నిజాం కాలంనాటి రాతి కట్టడం మొజంజాహీ మార్కెట్‌ను బాగుచేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. రాళ్లు కడిగారు, అడ్డంగా ఉన్నవి తీసేశారు, ఐస్‌క్రీం కొట్లను మాత్రం ఉండనిచ్చారు. ఇప్పుడు సాయంత్రమైతే పిల్లాజెల్లాతో జనం అక్కడే. కొట్లు ఖాళీ చేయించి ఉంటే ఎంత అందంగా కడిగినా అటు ఎవరు పోతారు?

బురుజు చుట్టూ అందరికీ బతుకుతెరువు ఉందంటే మామ స్నేహితుడు మాత్రం ఒప్పుకోలేదు. కేంద్రం రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్తగా కట్టనివ్వరు, ఆపైన ఇంకో 200 మీటర్లు అనుమతి కావాలి. "మిద్దె మీద మిద్దె వేసుకోనియ్యరప్పా, మేం బతికేదెట్లా?" అన్నాడు. ఆయన కోపంలో న్యాయం ఉంది. కాకపోతే ఆ రూలే లేకుంటే బండి దగ్గర తలెత్తినప్పుడు నాకు బురుజు కనపడేది కాదు.

మధ్యాహ్నం హంద్రీ ఒడ్డున ఉన్న అబ్దుల్ వహాబ్ ఖాన్ గుమ్మటం చూశాం. 17వ శతాబ్దం నాటిది. కమానులు, చల్లటి నీడ, గోడకు చేయి ఆనిస్తే కదలబుద్ధి కాలేదు. మాతోపాటు బంతాట ఆడే ఇద్దరు పిల్లలు, అంతే. టీ కోసం చాలా దూరం నడవాల్సి వచ్చింది, మామ దారంతా సణుగుడే.

సాయంత్రం ఇంటికొస్తుంటే సందులో ఒక పాత మిద్దె కూలగొడుతున్నారు. 2009 అక్టోబరు వరదలో గోడలు నానిపోయినదట అది. మామ కూడా అప్పుడు రెండు రాత్రులు మేడ మీదే గడిపాడు. చెక్కడాలున్న టేకు ద్వారబంధాన్ని నలుగురు కూలీలు ట్రాక్టర్ ఎక్కిస్తున్నారు. నేను ఆశగా రేటు అడగబోయాను.

"లాభం లేదులే అల్లుడూ, అమ్ముడుపోయింది" అన్నాడు మామ. "మీ హైదరాబాదులో ఏదో కొత్త హోటల్‌కంట."