బీట్‌రూట్ ఉసిరికాయంతే ఊరుతుంటే... సున్నం సంగతి

వరసగా రెండు పంటలు బీట్‌రూట్ వేసి ఉసిరికాయంత గడ్డలు పీక్కున్నాను. మొక్క మొలిచిన చోటే గొంతుక్కూర్చున్నట్టు ఉండేది, ఆకు వేలెడు దాటేది కాదు. పాలకూరదీ అదే కథ. అదే మడిలో బంగాళాదుంప మాత్రం ఏ పేచీ పెట్టకుండా శుభ్రంగా పండింది. నాకు అనుమానం రావాల్సింది అక్కడే, కానీ రాలేదు. బలం చాలట్లేదేమో అనుకుని అమ్మోనియం సల్ఫేట్ వేశాను, ఆకులు కాస్త పచ్చబడినట్టే పడి మళ్ళీ మొదటికొచ్చాయి, మళ్ళీ వేశాను.

ఒకరోజు విసుగొచ్చి ఒక మొక్కని చుట్టూ మట్టితో సహా పారతో లేపి, బకెట్ నీళ్ళలో ముంచి వేళ్ళు కడిగి చూశాను. పీచు వేళ్ళు దాదాపు లేవు. ఉన్నవి పొట్టిగా, చివర్లు మొద్దుబారి, ఎవరో గిల్లేసినట్టు ఉన్నాయి. అప్పుడు మట్టి పరీక్షకి పంపితే పీహెచ్ (నేల పులుపు, అంటే ఆమ్లత, కొలిచే అంకె; ఎంత తగ్గితే అంత పులుపు) 5.1 అని వచ్చింది.

5.1 అంటే 6కి కొంచెమే కదా తక్కువ అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ ఈ లెక్కలో ఒక్కో అంకెకి పదింతలు తేడా. పీహెచ్ 5 ఉన్న నేల, 6 ఉన్న నేలకన్నా పది రెట్లు పులుపు, 7 ఉన్నదానికన్నా వంద రెట్లు. చాలా కూరగాయలకి 6 నుంచి 7 మధ్య హాయి. 5.5 కంటే కిందికి దిగేకొద్దీ మట్టిలో గట్టిగా పడి ఉన్న అల్యూమినియం కరిగి బయటికొస్తుంది, అది వేరు చివర్లని ఎదగనివ్వదు (నేను బకెట్లో చూసింది అదే అని నా నమ్మకం). భాస్వరం వేసినా అల్యూమినియం, ఇనుము దాన్ని పట్టేసుకుంటాయి, మొక్కకి అందదు. చిక్కుడు, బఠాణీ వేళ్ళ బుడిపెల్లో నత్రజని పట్టే బాక్టీరియాకీ ఈ పులుపు పడదు. బంగాళాదుంప దీన్ని బాగానే తట్టుకుంటుంది, పైగా దుంప మీద పొక్కులు తెచ్చే స్కాబ్ తెగులు పుల్ల నేలలో తక్కువ. అంటే నా మడి జబ్బేంటో దుంపలు ముందే చెప్పాయి, నేను వినలేదు, అంతే.

అసలు నవ్వొచ్చే సంగతి ఇంకోటుంది. నేను బలం కోసం వేసిన అమ్మోనియం సల్ఫేట్ నేలని ఇంకా పులుపు చేస్తుంది. మట్టిలోని బాక్టీరియా అమ్మోనియంని నైట్రేట్‌గా మార్చేటప్పుడు ఆమ్లం విడుదలవుతుంది. మొక్క నీరసంగా ఉందని ఎరువు, ఎరువు వల్ల ఇంకా నీరసం, అందుకని ఇంకాస్త ఎరువు. రెండు పంటలు ఇలాగే నడిపాను.

ఇక ఈ పులుపుని విరిచే సున్నం. ఈ పేరుతో రకరకాల తెల్ల పొడులుంటాయి, అక్కడే గందరగోళం. సున్నపురాయిని కాల్చకుండా పొడి చేసింది కాల్షియం కార్బనేట్. మెగ్నీషియం కూడా కలిసి ఉంటే డోలమైట్, మట్టిలో మెగ్నీషియం తక్కువని పరీక్షలో వస్తే ఇదే మంచిది. రాయిని కాలిస్తే వచ్చేది కాల్చిన సున్నం, దాని మీద నీళ్ళు చల్లితే బుసబుసమని పొంగి విచ్చుకునేది కాల్షియం హైడ్రాక్సైడ్. పులుపు విరిచే శక్తి రాతి పొడికి 100 అనుకుంటే హైడ్రాక్సైడ్‌కి 135, కాల్చినదానికి 179. ఎక్కువ శక్తి ఉంది కదా అని వాటి జోలికి పోకండి, కళ్ళూ చర్మమూ కాలతాయి, మోతాదు కొంచెం ఎక్కువైతే మొక్కలూ మాడతాయి. ఇంటి మడికి రాతి పొడి చాలు. జిప్సంలోనూ కాల్షియం ఉంది కదా అని కొందరు అడుగుతారు. ఉంది, కానీ పులుపుని విరిచేది కాల్షియం కాదు, దాని జంటగా ఉన్న కార్బనేట్, జిప్సంలో అది లేదు.

పొడి ఎంత మెత్తగా ఉంటే అంత త్వరగా పనిచేస్తుంది. ఇది నాకు గుడ్డు పెంకులు నేర్పాయి. అవీ కాల్షియం కార్బనేటే కదా అని చేత్తో నలిపి ఏడాదంతా మడిలో వేశాను, తర్వాత తవ్వితే వేసినవి వేసినట్టే తెల్లగా, అంచులు కూడా అరగకుండా బయటపడ్డాయి. పౌడర్‌లా రుబ్బితే కొంత నయం.

ఎంత వేయాలి అంటే మట్టిని బట్టి. పీహెచ్ ఒక అంకె పెంచడానికి 10 చదరపు మీటర్లకి ఇసుక నేలైతే సుమారు 2.5 కిలోలు, మామూలు గరప నేలకి 3.5, బంకమట్టికి 4 కిలోల దాకా పడుతుంది. బంకమట్టి, సేంద్రియం ఎక్కువున్న మట్టి పులుపుని లోపల దాచుకుంటాయి, అందుకే వాటికి ఎక్కువ. ఇవి ఉజ్జాయింపు లెక్కలే, పీహెచ్‌తో పాటు ఎంత సున్నం కావాలో కూడా చెప్పే పరీక్ష చేయిస్తే అదే పాటించండి. పరీక్షకి ఒక్కచోట మట్టి కాకుండా ఏడెనిమిది చోట్ల జానెడు లోతు దాకా తీసి, కలిపి, నీడన ఆరబెట్టి పంపాలి.

చల్లేది గాలి లేని రోజున, ముక్కుకి గుడ్డ కట్టుకుని. చల్లి వదిలేస్తే పైపైనే ఉండిపోతుంది, సున్నం మట్టిలో కిందికి చాలా నెమ్మదిగా దిగుతుంది, కాబట్టి 15–20 సెంటీమీటర్ల లోతు దాకా తవ్వి కలపాలి. మట్టిలో తడి ఉండాలి. నాటడానికి రెండు మూడు నెలల ముందే వేస్తే మంచిది, పూర్తి ప్రభావం కనపడ్డానికి ఇంకా చాలా నెలలు పడుతుంది. పశువుల ఎరువుతోనో అమ్మోనియం ఎరువుతోనో కలిపి ఒకేసారి వేయొద్దు, నత్రజని అమ్మోనియాగా ఎగిరిపోతుంది, ముక్కు పుటాలదిరే వాసనే సాక్ష్యం. మధ్యలో కొన్ని వారాలు ఆగండి. పంటల వరస కూడా చూసుకోవాలి. నేనైతే దుంపలు తవ్వేశాకే సున్నం వేసి, తర్వాత క్యాబేజీ పెడతాను. క్యాబేజీ వేళ్ళు గడ్డలుగా ఉబ్బిపోయే క్లబ్ రూట్ తెగులు ఉన్న చోట పీహెచ్ 7 దాటించడం పనికొస్తుంది కూడా.

టమాటా కాయ అడుగు నల్లబడగానే సున్నం పోసేవాళ్ళని చూశాను. చాలాసార్లు అది నీళ్ళు ఓరోజు ముంచేసి నాలుగు రోజులు ఎండగట్టడం వల్ల వచ్చేది. మట్టిలో కాల్షియం ఉన్నా కాయదాకా చేరదు. ముందు నీళ్ళు సరిచేయండి.

నా రెండో పొరపాటు కూడా చెప్పేస్తా. మొదటి మడిలో ఫలితం చూసి ఉత్సాహం ఆగక, పక్కనున్న ఇసుక మడికి పరీక్ష లేకుండానే బంకమట్టి మోతాదు పోశాను. చిక్కుడు లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలాయి. సున్నం ఎక్కువైతే ఇనుము, మాంగనీస్, జింక్, బోరాన్ మొక్కకి అందవు. తక్కువైతే ఇంకొంచెం వేయొచ్చు, ఎక్కువైతే వెనక్కి తీయలేం, గంధకం వేసి నెలల తరబడి ఎదురుచూడాల్సిందే.

మొదటి మడి పది నెలల తర్వాత 6.3కి వచ్చింది, బీట్‌రూట్ ఇప్పుడు పిడికిలంత ఊరుతోంది. ఇసుక మడికి ఈసారి ముందు పరీక్షే. మట్టి తీసి నీడన ఆరబెట్టాను.