నిరాధార్ పైసలు

తెలుగు పేపర్లో 'నిరాధార' కనిపించిందంటే వెంటనే 'ఆరోపణలు' ఉంటుంది. కాకపోతే 'వార్తలు', 'పుకార్లు'. షోలాపూర్లో పెరిగిన నాకు మాత్రం ఆ మాట వింటే ముందు మనుషులే గుర్తొస్తారు.

మహారాష్ట్రలో సంజయ్ గాంధీ నిరాధార్ అనుదాన్ యోజన అని ఉంది. ఆదాయం లేని వితంతువులు, వికలాంగులు, అనాథల్లాంటి వాళ్ళకు నెలనెలా డబ్బిస్తారు. మరాఠీలో నిరాధార్ అంటే ఆసరా లేని మనిషి. బీడీలు చుట్టే మా పద్మశాలీ ఆడవాళ్ళకు అవి 'నిరాధార్ పైసలు'. నేను పెద్దమ్మ ఫారం నింపుతూ పైకి చదివితే ఆమె కస్సుమంది. "నాకెవ్వరు లేరని రాస్తున్నవారా? నువ్వు లేవా మరి?" అలా రాయకుంటే పైసలు రావన్నాను. కాసేపు ఆలోచించి, "సరే, మరాఠీల రాసుకో. తెలుగుల మాత్రం అనకు" అంది. అన్నట్టు, నిరాధార్ అనిపించుకోవడానికి కూడా ఆధార్ కార్డు జత చేయాలి.

పెద్దమ్మ కోపం న్యాయమే. తెలుగులో మనిషికి ఆ మాట తగిలిస్తే 'దిక్కులేని' అన్నట్టే వినిపిస్తుంది. తెలంగాణలో 2014లో తెచ్చిన పింఛన్లకు 'ఆసరా' అని పేరు పెట్టారు. తీసుకునేవాళ్ళకు ఆ పేరు చెప్పుకోవడం తేలిక.

నిజానికి మాట ఒకటే. నిర్, ఆధారం. పట్టి నిలపడం అనే అర్థమున్న ధృ ధాతువులోంచి వచ్చింది. సంస్కృత వ్యాకరణం రాసిన పాణిని 'ఆధారోఽధికరణమ్' అన్నాడు, అంటే పని దేన్ని ఆనుకుని జరుగుతుందో ఆ ఆధారమే అధికరణం. చాప మీద కూర్చుంటే చాప ఆధారం. ఆ చాప లేనిది మనిషైనా మాటైనా నిరాధారమే.

నాకు చిరాకు తెప్పించేది పేపర్ల వాడుక. సాక్ష్యం చాలలేదని కోర్టు కేసు కొట్టేస్తుంది. మర్నాడు శీర్షిక: 'ఆరోపణలు నిరాధారం'. సాక్ష్యం చాలకపోవడం వేరు, అసలు ఏ ఆధారమూ లేకుండా అనడం వేరు. మొదటిదానికి 'రుజువు కాలేదు' అని తేట తెలుగులో చెప్పొచ్చు. ఇంకా ఘోరం, ఆరోపణ ఎదుర్కొంటున్న నాయకుడే 'నిరాధారం' అంటాడు, విలేకరి 'అని ఆయన అన్నారు' తీసేసి శీర్షికకెక్కిస్తాడు. అది ఆయన మాట. తేల్చాల్సిన పని ఇంకా మిగిలే ఉంది.