మొగిలి ఘాటులో జారిన క్లచ్

బెంగళూరులో మా మేనమామ కొడుకు గృహప్రవేశానికని తిరుపతి నుంచి కారులో బయల్దేరాను. వెళ్లలేకపోయాను. చిత్తూరు దాటాక వచ్చే మొగిలి ఘాటు సగం ఎక్కి వెనక్కి తిరిగాను, ఆ తర్వాత మూడు రోజులు చిత్తూరులోనే గడిచిపోయాయి. మామ ఇప్పటికీ ఫోన్‌లో పొడిపొడిగానే మాట్లాడుతున్నాడు. ఆయన కోపంలో న్యాయం ఉంది. నా కోపం మాత్రం ఇంకొకరి మీద.

నాది 2005 మోడల్ స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్. 1.8 లీటర్ల టర్బో పెట్రోల్, ఐదు గేర్ల మాన్యువల్, కంపెనీ నుంచి వచ్చినప్పుడు 150 హార్స్ పవర్, 210 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం. ఇరవై ఏళ్ల బండి కదా అని చాలామంది అడుగుతారు గానీ, నాకు అదంటే ప్రాణం. ఏప్రిల్‌లో బెంగళూరులో ఒకచోట ఇంజన్ రీమ్యాప్ చేయించాను, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చి బలం పెంచడం, ముప్పై అయిదు వేలు తీసుకున్నారు. టార్క్ 290 దాకా వచ్చిందని కాగితం చేతిలో పెట్టారు. వస్తూ మొగిలి ఘాటు దిగుడే కాబట్టి ఏమీ తెలియలేదు, తిరుపతిలో రెండు నెలలు ఆఫీసుకీ ఇంటికీ తిప్పినా తెలియలేదు. ఇంజన్ బలాన్ని గేర్‌బాక్సుకి అందించే క్లచ్ సంగతేమిటి, ఇంత టార్క్‌ను అది మోస్తుందా అని అక్కడ ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అదే నా కోపం. డబ్బు తీసుకున్నవాళ్లు చెప్పాల్సిన మొదటి మాట అది.

జూన్ నెల, తోతాపురి కాలం. పాకాల, పూతలపట్టు, చిత్తూరు దాకా హాయిగానే వచ్చాను. బంగారుపాళ్యం దగ్గరకి వచ్చేసరికి గుజ్జు ఫ్యాక్టరీలకి పోయే మామిడికాయల ట్రాక్టర్లు వరుసగా నిలబడిపోయి ఉన్నాయి. వాటి పక్క నుంచి ఒక్కో బండీ తోసుకుంటూ పోవాలి. నలభై నిమిషాలు ఫస్ట్ గేరు, సగం క్లచ్, బ్రేకు, మళ్లీ సగం క్లచ్. పండిన కాయల వాసన, ఎండ, ఏసీ. అప్పుడే క్లచ్ లోపల వేడి ఎక్కడం మొదలైంది, నాకు ఆ ఆలోచనే రాలేదు.

ఘాటు మొదలయ్యాక గ్రానైట్ బండలు వేసుకున్న ట్రైలర్ ఒకటి ముందు మూలుగుతూ ఎక్కుతోంది. నాలుగో గేరులో దాన్ని దాటుదామని యాక్సిలరేటర్ నొక్కాను. ఇంజన్ తిరిగే వేగం చూపే ఆర్పీఎం ముల్లు రెండు వేల నుంచి ఒక్కసారిగా నాలుగున్నర వేలకి ఎగిరింది. స్పీడు ముల్లు అరవై దగ్గర ఉన్నది ఉన్నట్టే ఉంది. ఇంజన్ అరుస్తోంది, బండి మాత్రం కదలనంటోంది. నేను ట్రైలర్‌కి సరిగ్గా పక్కన ఉన్నాను, వెనక ఒక ప్రైవేటు బస్సు హారన్ కొడుతోంది. కాలు తీసేసి మళ్లీ ట్రైలర్ వెనక్కే వచ్చి చేరాను. చేతులు వణికాయి, దాచడానికేం లేదు. అంతలో ఆ వాసన వచ్చింది, కాలిన గోనెసంచి లాంటి వాసన.

ఆ వాసన నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా నాన్న ఆర్టీసీ డ్రైవరు, ఏళ్ల తరబడి ఇదే రూట్‌లో బస్సు నడిపాడు. సెలవుల్లో నన్ను ఇంజన్ పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవాడు. ఎత్తులో బండిని సగం క్లచ్ మీద నిలబెట్టొద్దురా, బ్రేకు వెయ్యి, క్లచ్ నీ బరువు మోసేది కాదు, దాటించేది అనేవాడు. ఆయన చెప్పింది 290 న్యూటన్ మీటర్ల కారు గురించి కాదు, కానీ ఆ రోజు ఘాటు పక్కన బండి ఆపుకుని కూర్చున్నప్పుడు ఆ మాటే చెవిలో తిరిగింది. గంటసేపు చల్లారనిచ్చి, దొరికిన చోట మలుపు తీసుకుని, కాలు బరువు వేయకుండా కిందికి దిగాను.

చిత్తూరులో కార్ల షెడ్డు ఒకటి చూశాను, వాళ్లు బండి పేరు వినగానే బెంగళూరుకి తీసుకుపొమ్మన్నారు. టీ కొట్టు దగ్గర ఒక లారీ డ్రైవరు చెబితే వేలూరు రోడ్డు వైపు ఉన్న లారీ మెకానిక్ దగ్గరకి వెళ్లాను. అరవై దాటిన మనిషి, ముప్పై ఏళ్లుగా క్లచ్‌లూ గేర్‌బాక్సులే చేస్తున్నాడు. నన్ను ఏమీ అడగలేదు. హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి, నాలుగో గేరు వేసి, క్లచ్ మెల్లగా వదిలాడు. క్లచ్ మంచిదైతే ఇంజన్ అక్కడే ఆగిపోవాలి. ఆగలేదు, కాసేపు కొట్టుకుంటూ నడిచింది.

“ఇంజన్ బాగా లాగతా ఉండాది సామీ, మద్దెలో ఉండేదే పట్టుకోలేకపోతా ఉండాది” అన్నాడు.

మర్నాడు గేర్‌బాక్సు దించాక క్లచ్ ప్లేటు నా చేతిలో పెట్టాడు. దాని మీద పట్టు కోసం ఉండే పొర, లైనింగ్, రివిట్ల తలల దాకా అరిగిపోయింది, ఆయన గోటితో గీస్తే రాగి మెరిసింది. క్లచ్ ప్లేటు అదుముకునే ఇంజన్ వైపు చక్రం, ఫ్లైవీల్, దాని మీద నెమలి మెడ రంగులో నీలం మచ్చలు, వేడికి ఇనుము కాలిన గుర్తులు. రీమ్యాప్ చేసినవాళ్లు ఒక్కసారి బండిని ఎత్తులో పరీక్షించి ఉంటే ఇది అక్కడే తెలిసిపోయేది.

క్లచ్ ఎంత టార్క్ మోస్తుందనేది క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కి అదిమే ప్రెషర్ ప్లేటు ఎంత బలంగా అదుముతుంది, లైనింగ్ ఎంత పట్టు ఇస్తుంది, ప్లేటు ఎంత పెద్దది అన్నదాని మీదే ఉంటుంది. కంపెనీ వాళ్లు కొంత మిగులు పెట్టే చేస్తారు, కానీ అది కొత్త క్లచ్ లెక్క. టర్బో బండిలో టార్క్ రెండు వేల ఆర్పీఎం నుంచే మొత్తంగా వచ్చి పడుతుంది, పై గేరులో చక్రాలు తొందరగా కదలవు కాబట్టి జారుడు ముందుగా నాలుగో గేరులోనో ఐదో గేరులోనో బయటపడుతుంది. ఒకసారి జారితే వేడి, వేడెక్కితే పట్టు తగ్గుతుంది, తగ్గితే ఇంకా జారుతుంది. బంగారుపాళ్యం క్యూలో నేను చేసింది ఇదే.

ఏం వేయాలన్న దగ్గర మాకు గంటసేపు వాదన జరిగింది. నేను సిరామిక్ ముక్కల ప్లేటు వేద్దామన్నాను, రేసు బండ్లకి వేసేది, బాగా మోస్తుంది. ఆయన ఒప్పుకోలేదు. అది పట్టుకుంటే ఒక్కసారిగా పట్టుకుంటుంది, సగం క్లచ్ అనేదే ఉండదు, తిరుపతి ట్రాఫిక్‌లో నడపలేవన్నాడు. స్ప్రింగులున్న ఫ్లైవీల్ తీసేసి ఒంటి ముక్క ఫ్లైవీల్ వేస్తే బరువు తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది, కానీ న్యూట్రల్‌లో గేర్‌బాక్సు గలగలమంటుందన్నాడు. ఉన్న ఫ్లైవీల్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పి చూశాడు, స్ప్రింగుల్లో ఆట ఎక్కువ లేదు, పైన నునుపు పట్టిస్తే చాలన్నాడు. చివరికి మామూలు రకం లైనింగే, గట్టి ప్రెషర్ ప్లేటుతో వచ్చే కిట్ తెప్పించాం, పెడల్ తొక్కితే క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగుతో సహా. బెంగళూరు నుంచి బస్సు పార్సిల్‌లో వచ్చింది. కిట్ ముప్పై ఎనిమిది వేలు. ఇదే పనికి బెంగళూరులో కూలీ ఒక్కటే పద్దెనిమిది వేలు చెప్పారు, ఈయన ఆరున్నర వేలు తీసుకున్నాడు. లాడ్జికి మాత్రం రోజుకి పద్నాలుగు వందలు, ఆ గదికి అది చాలా ఎక్కువ. పక్క మెస్సులో రాగి సంగటి, చెనిగ్గింజల ఊరిబిండి మూడు పూటలూ తిన్నాను, దానికి ఎంత ఇచ్చినా తక్కువే.

గేర్‌బాక్సు సంగతి ఇంకోటుంది. ఈ బాక్సులో, రెండు చక్రాలకీ బలాన్ని పంచే డిఫరెన్షియల్ పెద్ద పళ్లచక్రాన్ని పట్టి ఉంచేవి రివిట్లు. పవర్ పెంచి, నిలబడ్డ చోట టైర్లు తిప్పితే అవి తెగి కేసునే పగలగొడతాయి. వాటి బదులు బోల్టులు వేయించాలి. బోల్టుల సెట్ దొరకలేదు, వచ్చాక బాక్సు మళ్లీ దించాలి. అందాకా అదిలించి లాగొద్దని మాట తీసుకున్నాడు. గేరు నూనె మాత్రం మార్చి, పాతదాన్ని తెల్లగుడ్డ మీద పోసి ఇనుప రజను ఉందేమోనని ఎండలో తిప్పి తిప్పి చూశాడు. లేదు. ఆ గుడ్డ చూస్తుంటే నాకు ఊపిరి వచ్చింది.

కొత్త క్లచ్ కుదురుకోవడానికి ఎనిమిది వందల కిలోమీటర్లు ఫుల్ యాక్సిలరేటర్ వద్దన్నాడు. అందుకని మొగిలి ఘాటు మళ్లీ ఎక్కకుండా తిరుపతికే వచ్చేశాను. ఆ ఆదివారం అమ్మను కొండకి తీసుకెళ్లాను. అలిపిరి నుంచి పైకి 28 నిమిషాలకి తక్కువలో చేరకూడదు, దిగేటప్పుడు 40 నిమిషాలు. ఎప్పుడూ విసుక్కునే ఆ రూలు ఈసారి నాకు సరిగ్గా సరిపోయింది. పెడల్ కాస్త బరువుగా ఉంది, ఎడమ మోకాలికి తెలుస్తోంది. మూడో గేరులో మలుపు తిరిగి మెల్లగా నొక్కితే రెండు ముళ్లూ కలిసే లేచాయి.

పైన పార్కింగులో అద్దం దించి వాసన చూశాను. అమ్మ ఏమిటని అడిగింది. క్లచ్ అన్నాను. మీ నాన్న కూడా బస్సు ఆపగానే ఇట్లాగే చూసేవాడంది.

బోల్టులు ఇంకా రాలేదు. ఎనిమిది వందల్లో ఇంకా 590 కిలోమీటర్లు ఉంది.