మా బంటికి టిక్ ఫీవర్: గుర్తుపట్టడం నుంచి పూర్తిగా తగ్గేదాకా నా అనుభవం

మా బంటి నడివయసు కుక్క. వాడికి టిక్ ఫీవర్ (పిడుదు కుట్టడం వల్ల వచ్చే జబ్బు) వచ్చి, తగ్గి, రక్తపరీక్షలు మళ్ళీ మామూలుగా వచ్చేదాకా ఏం జరిగిందో రాస్తున్నాను. కుక్కల్ని పెంచేవాళ్ళలో చాలామందికి ఈ జబ్బు పేరు తెలుసు. కానీ ఇది తగ్గిపోయినట్టు నటించే జబ్బని తెలిసినవాళ్ళు తక్కువ. నా భయమంతా అక్కడే.

మొదట కనిపించింది జ్వరం కాదు, నీరసం. గేటు చప్పుడైతే చాలు పరుగెత్తే వాడు తల ఎత్తి చూసి మళ్ళీ పడుకున్నాడు. గిన్నెలో తిండి సగం మిగిలింది. పెద్ద కుక్క ఒక పూట తినకపోతే అంత కంగారు పడక్కర్లేదు. తిండీ హుషారూ రెండూ కలిసి తగ్గాయంటే మాత్రం ఇక వేచి చూడకూడదని నా గట్టి నమ్మకం.

వాడు ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే కొన్ని సంగతులు ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను. బరువు ఎంత, చిగుళ్ళు ఏ రంగులో ఉంటాయి, నిద్రలో నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తాడు, రోజుకి ఎంత నీళ్ళు తాగుతాడు. ప్రశాంతంగా నిద్రపోయే కుక్క నిమిషానికి సుమారు 30 సార్లకు మించి ఊపిరి తీయకూడదు. చిగుళ్ళు తడిగా, గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే, తెల్లబడిన చోటికి రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. చిగుళ్ళు నల్లగా ఉండే కుక్కలకైతే కింది కనురెప్ప లోపలి వైపు చూడాలి. మామూలుగా ఎలా ఉంటుందో తెలియకపోతే తేడా ఎలా తెలుస్తుంది?

ఆ రోజు బంటి చిగుళ్ళు పాలిపోయి ఉన్నాయి. పెదవి ఎత్తి చూస్తే గుండుసూది మొనంత ఎర్రటి చుక్కలు. పొట్ట కింద, వెంట్రుకలు పల్చగా ఉండే చోట కూడా అవే చుక్కలు. చర్మం కింద రక్తం చిమ్మితే అలా కనిపిస్తుంది. డిజిటల్ థర్మామీటర్ కొనకు కాస్త వాజలైన్ రాసి మలద్వారంలో పెట్టి చూశాను. 104 డిగ్రీలు. కుక్కలకి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా మామూలే, మనకి జ్వరం అనిపించేది వాటికి జ్వరం కాదు. ముక్కు పొడిగా ఉంటే జ్వరమనీ, తడిగా ఉంటే లేదనీ అనుకుంటారు గానీ, అది నమ్మదగ్గ గుర్తు కాదు.

మనం వేసుకునే పారాసెటమాల్‌లో సగం వేస్తే అని ఇంట్లో ఒక మాట వచ్చింది. ఒప్పుకోలేదు. పారాసెటమాల్ కుక్క లివర్‌ని, రక్తకణాల్ని దెబ్బతీయగలదు. ఐబుప్రోఫెన్ అయితే కడుపులో పుళ్ళు పడి, కిడ్నీలు పాడయ్యే ప్రమాదం ఉంది. పైగా ఒంట్లో రక్తం చిమ్ముతున్నప్పుడు అలాంటి మందులు పడితే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. వెంటనే డాక్టర్ దగ్గరికి బయల్దేరాం.

"ఈ మధ్య ఒంటి మీద పిడుదులేమైనా కనిపించాయా అండీ?" డాక్టర్ గారు మొదట అడిగింది ఇదే. కొన్ని వారాల కిందట చెవి మడతలో ఒకటి తీశానని చెప్పాను. ఆమె తల ఊపారు. పిడుదు కుట్టాక సుమారు 8 నుంచి 20 రోజుల్లో జబ్బు బయటపడుతుందట. "టీకాలన్నీ టైముకి వేయించామండీ" అన్నాను. పార్వో, డిస్టెంపర్, రేబిస్ లాంటి వాటికి టీకాలున్నాయి గానీ దీనికి లేదని చెప్పారు. పిడుదు ఒంటికి పట్టకుండా చూసుకోవడమే నివారణ.

జబ్బుకి కారణం ఎర్లీషియా కానిస్ అనే బాక్టీరియా. కుక్కల మీద ఉండే గోధుమరంగు పిడుదు దీన్ని మోసుకొస్తుంది. ఆ బాక్టీరియా తెల్ల రక్తకణాల్లో కాపురం పెడుతుంది, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. కొత్త జబ్బేమీ కాదు. 1935లో అల్జీరియాలో దీన్ని మొదట గుర్తించారు. వియత్నాం యుద్ధకాలంలో అమెరికా సైన్యానికి చెందిన కుక్కలు వందల్లో చనిపోయింది దీనివల్లే. జర్మన్ షెపర్డ్ జాతిలో మరీ తీవ్రంగా వస్తుంది.

రక్తం తీశారు. కుక్కకి మైక్రోలీటరు రక్తంలో ప్లేట్‌లెట్లు సుమారు 2 లక్షల నుంచి 5 లక్షల దాకా ఉండాలి. బంటికి 40 వేలకు దగ్గరలో ఉన్నాయి. ఆ అంకె చూసి గుండె జారిపోయింది. డాక్టర్ గారు మాత్రం మెషిన్ రిపోర్టు ఒక్కటే చూసి ఆగలేదు. ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని గుంపులు కడితే మెషిన్ తక్కువగా లెక్కపెడుతుందట. అందుకని గాజుపలక మీద రక్తపు చుక్క పరిచి మైక్రోస్కోపులో చూశారు. నిజంగానే తక్కువ ఉన్నాయి. మూత్రం ఎర్రగా గానీ ముదురు గోధుమరంగులో గానీ వస్తోందా అని కూడా అడిగారు. అదే పిడుదు వల్ల వచ్చే బెబీసియా అనే మరో జబ్బులో ఎర్ర రక్తకణాలు పగిలిపోయి మూత్రం రంగు మారుతుంది. దానికి వైద్యం వేరు. బంటికి అది లేదు. కిట్ టెస్టులో (అక్కడికక్కడే చేసే రక్తపరీక్ష) ఎర్లీషియా మీద ఒళ్ళు తయారుచేసుకునే యాంటీబాడీలు కనిపించాయి. జబ్బు మొదట్లో ఈ టెస్టు నెగెటివ్ రావచ్చనీ, అప్పుడు లక్షణాలు, రక్తం లెక్కలు చూసి మందు మొదలుపెడతామనీ చెప్పారు.

మందు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, 28 రోజులు. మోతాదు కుక్క బరువుని బట్టి డాక్టరే లెక్కకట్టాలి. ఖాళీ కడుపున వేస్తే వాంతులవుతాయి. మాత్ర గొంతులో ఆగిపోతే అన్నవాహికలో పుండు పడుతుంది. అందుకే తిండిలో పెట్టి వేసి, వెంటనే నీళ్ళు తాగించేవాళ్ళం. పాలపదార్థాల్లోని కాల్షియం మందుని ఒంటికి పూర్తిగా పట్టనివ్వదు కాబట్టి మాత్ర వేళకి అవి పెట్టలేదు. ప్లేట్‌లెట్లు పెరిగేదాకా పరుగులు, గట్టివి కొరకడం పూర్తిగా మాన్పించాం. ముక్కులోంచి రక్తం వచ్చినా, మలం తారులా నల్లగా వచ్చినా రాత్రనక పగలనక తీసుకురమ్మన్నారు. అదృష్టం, ఆ అవసరం రాలేదు.

మందు పడిన మర్నాటికే వాడు లేచి తోక ఊపాడు. ఆ తర్వాత గిన్నె ఖాళీ చేశాడు. ఇంట్లో అందరికీ ప్రాణం లేచొచ్చింది. ఇంత హుషారుగా ఉన్నాడు కదా, ఇంకా అన్ని రోజులు యాంటీబయాటిక్ ఎందుకని బంధువులు అడిగారు.

ఎందుకంటే ఈ జబ్బుకి మూడు దశలున్నాయి. జ్వరం, నీరసం ఉండే మొదటి దశ రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుంది. చాలా కుక్కలకి అది మందు లేకుండానే సద్దుమణుగుతుంది. తర్వాత నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి కుక్క చక్కగా తింటూ ఆడుతూ ఉంటుంది, క్రిమి మాత్రం లోపలే ఉంటుంది. కొన్నిటికి ఆ తర్వాత మూడో దశ వస్తుంది. ఎముక మూలుగ దెబ్బతిని రక్తకణాలు తయారవడమే తగ్గిపోతుంది. అక్కడిదాకా వచ్చిన కుక్కని కాపాడటం చాలా కష్టం. కాబట్టి బంటి హుషారు చూసి మందు ఆపే ప్రసక్తే లేదని ఇంట్లో గట్టిగా చెప్పాను. గోడ మీద కాగితం అంటించి, మాత్ర వేసినవాళ్ళు టిక్కు పెట్టాలని నియమం పెట్టాను. ఒకరు వేశారేమోనని ఇంకొకరు మానేయడం, ఇద్దరూ వేయడం, రెండూ ప్రమాదమే.

దీనికంటే పెద్ద పని ఇల్లు. ఈ పిడుదుల్లో ఆడది కుక్క రక్తం తాగి ఉబ్బాక కిందికి దిగి, గోడ పగుళ్ళలో, తలుపు చట్రాల వెనక వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. పిల్లలకి ఆరు కాళ్ళే ఉంటాయి. అవి కుక్కనెక్కి రక్తం తాగి దిగిపోతాయి, కుబుసం విడిచి ఎనిమిది కాళ్ళతో మళ్ళీ ఎక్కుతాయి, ఇంకోసారి దిగి పెద్దవై మళ్ళీ ఎక్కుతాయి. ఈ చక్రమంతా ఇంట్లోనే తిరగగలదు. తిండి లేకుండా నెలల తరబడి బతకగలవు కూడా. అందుకే కుక్కకి ఒక్కసారి మందు పూసి ఊరుకుంటే లాభం లేదు. వాడి పరుపు గుడ్డలు వేడినీళ్ళలో ఉతికాం. పగుళ్ళు పూడ్చాం. మూలమూలా వాక్యూమ్ చేసి ఆ చెత్త సంచి మూతిగట్టి బయట పారేశాం. పురుగుమందు కొట్టేవాళ్ళని పిలిపించి, గుడ్ల నుంచి కొత్తగా వచ్చే పిల్లలు కూడా చావాలని కొన్ని వారాలాగి మళ్ళీ కొట్టించాం. మందు ఆరేదాకా బంటిని ఇంట్లోకి రానివ్వలేదు.

ఒంటి మీద దొరికిన పిడుదుని సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగాలి. కిరసనాయిలు పోయడం, కాల్చడం, గోళ్ళతో నలపడం వద్దు. చెవుల లోపల, వేళ్ళ సందుల్లో, మెడపట్టీ కింద, చంకల్లో, తోక మొదట్లో రోజూ వెతకాలి. అయినా వెతకడం ఒక్కటే సరిపోదు, కుట్టిన కొద్ది గంటల్లోనే క్రిమి ఒంట్లోకి చేరగలదు. పిడుదుల నివారణ మందు ఏడాది పొడుగునా వాడమన్నారు. నెలకోసారి వేసేవి, మూడు నెలలకోసారి వేసేవి, మెడపట్టీలు, ఒంటికి పూసేవి ఉన్నాయి. మూర్ఛ వచ్చే కుక్కలకి కొన్ని మాత్రలు పడవు. పర్మెత్రిన్ ఉన్న మందులు పిల్లులకి విషం. కాబట్టి ఇంట్లో పిల్లి ఉంటే ఆ సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి.

కోర్సు మధ్యలో ఒకసారి, అయిపోయాక మళ్ళీ రక్తపరీక్ష చేయించాం. ప్లేట్‌లెట్లు 2 లక్షలు దాటాయి. చిగుళ్ళు మళ్ళీ గులాబీ రంగుకొచ్చాయి.

చివరి టెన్షన్ కొన్ని నెలల తర్వాత వచ్చింది. మామూలు చెకప్‌లో కిట్ టెస్టు మళ్ళీ పాజిటివ్ చూపించింది. డాక్టర్ గారు కంగారు పడొద్దన్నారు. ఈ టెస్టు చూపించేది క్రిమిని కాదు, క్రిమి మీద ఒళ్ళు తయారుచేసుకున్న యాంటీబాడీలని. జబ్బు పోయినా అవి నెలలు, ఏళ్ళు ఉండిపోవచ్చు. అవి ఉన్నంత మాత్రాన మళ్ళీ రాదనీ కాదు, ఇంకో పిడుదు కుడితే మళ్ళీ రావచ్చు. ప్లేట్‌లెట్ల లెక్క చూశారు, బాగుంది. క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ టెస్టు కూడా చేయించారు, నెగెటివ్ వచ్చింది. డాక్సీసైక్లిన్ మళ్ళీ రాయలేదు. పిడుదుల మందు మాత్రం తేదీ తప్పకుండా కొనసాగించమన్నారు.