మొదటి లేజర్ పాయింటర్: డ్రైవర్ అయింది, బాడీ మిగిలింది

డ్రైవర్ బోర్డు, అంటే లేజర్ కాంతినిచ్చే డయోడ్‌కి సరిపడా కరెంట్ ఇచ్చే సర్క్యూట్, పూర్తయింది. డయోడ్ వెలిగింది, గోడకు అంటించిన కాగితం మీద ఎర్రటి చుక్క పడింది. ఇక టార్చ్ బాడీలో బిగించడమే మిగిలింది. ఈలోగా చేసిన పనంతా అంకెలతో సహా రాసిపెడుతున్నాను.

డయోడ్ 650 నానోమీటర్ల ఎరుపుది. పవర్ 5 మిల్లీవాట్లు, సైజు 5.6 మిల్లీమీటర్లు. 532 నానోమీటర్ల పచ్చ కాంతి అదే పవర్‌లో కంటికి ఎన్నో రెట్లు ప్రకాశంగా కనిపిస్తుంది, నిజమే. కానీ మామూలు పచ్చ పాయింటర్లలో చాలావాటి లోపల ఉండేది 808 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ డయోడ్, దాని ముందు క్రిస్టల్స్. ఫిల్టర్ సరిగా లేకపోతే కంటికి కనిపించని కాంతి కూడా బయటికొస్తుంది. మొదటిసారి చేసేవాళ్లకు ఎరుపే మేలని నా గట్టి అభిప్రాయం.

అసలు పనంతా డ్రైవర్‌లోనే ఉంది. లేజర్ డయోడ్‌కి కావాల్సింది స్థిరమైన కరెంట్. వోల్టేజ్ కొంచెం పెరిగితే చాలు, కరెంట్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఎల్ఈడీ ఆ దెబ్బను కాస్త ఓర్చుకుంటుంది. లేజర్ డయోడ్‌లో మాత్రం కాంతి బయటికొచ్చే అంచు రెప్పపాటు కూడా పట్టకుండా పాడైపోతుంది. ఆ తర్వాత అది మసకగా వెలుగుతుంది తప్ప లేజర్ కాదు.

నేను వాడింది ఎల్ఎం317 ఐసీ. అవుట్‌పుట్ పిన్‌కీ అడ్జస్ట్ పిన్‌కీ మధ్య ఒక రెసిస్టర్ పెట్టి, అడ్జస్ట్ పిన్ దగ్గర నుంచి లోడ్‌కి, అంటే డయోడ్‌కి, వైరు తీయాలి. ఆ రెండు పిన్‌ల మధ్య ఐసీ ఎప్పుడూ 1.25 వోల్టులు నిలబెడుతుంది. కాబట్టి 1.25ని రెసిస్టర్ విలువతో భాగిస్తే కరెంట్ వస్తుంది. 47 ఓమ్‌లు పెడితే దాదాపు 26.6 మిల్లీఆంప్‌లు. డయోడ్ మీద సుమారు 2.2 వోల్టులు, రెసిస్టర్ మీద 1.25, ఐసీకి ఇంకో రెండు దాకా కావాలి. అందుకే ఒక లిథియం సెల్ చాలదు, రెండు సిరీస్‌లో పెట్టాను.

డయోడ్‌ని చివరిదాకా ముట్టుకోలేదు. దాని స్థానంలో మూడు 1ఎన్4007 మామూలు డయోడ్‌లు, ఒక 10 ఓమ్‌ల రెసిస్టర్ సిరీస్‌లో కట్టి డమ్మీ లోడ్ చేశాను. మూడింటి మీద కలిపి రెండు వోల్టుల పైచిలుకు పడుతుంది కాబట్టి డ్రైవర్‌కి అది లేజర్ లాగే కనిపిస్తుంది. 10 ఓమ్‌ల రెసిస్టర్ మీద మల్టీమీటర్ పెట్టి, వచ్చిన మిల్లీవోల్టులను పదితో భాగిస్తే కరెంట్ తెలిసిపోతుంది. సెల్స్ నిండుగా ఉన్నప్పుడూ, బాగా దిగాకా రీడింగ్ దాదాపు కదలలేదు. ఆ పరీక్ష అయ్యాకే మనసు కుదుటపడింది.

డయోడ్‌కి సమాంతరంగా 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంది. స్విచ్ వేసినప్పుడు కరెంట్ మెల్లగా పెరగడానికి అది మంచిదే. కానీ పవర్ ఉండగా డయోడ్ వైరు ఊడితే కెపాసిటర్ దాదాపు బ్యాటరీ వోల్టేజ్ దాకా నిండుతుంది. మళ్లీ వైరు తగిలించగానే ఆ చార్జ్ అంతా డయోడ్‌లోకే పోతుంది. కాబట్టి లోడ్ మార్చే ప్రతిసారీ పవర్ తీసి, కెపాసిటర్ కాళ్లను షార్ట్ చేయాలి. ఈ ఒక్క అలవాటు వదలకండి. రివర్స్ వోల్టేజ్ తగలకుండా ఒక 1ఎన్4148 మామూలు డయోడ్‌ని కూడా తిరగేసి పెట్టాను.

సోల్డర్ చేసేటప్పుడు స్టాటిక్ విద్యుత్ తగిలి డయోడ్ పాడవుతుందనే భయం ఉంటుంది. అందుకని డయోడ్ పిన్‌లన్నింటికీ సన్నటి రాగి తీగ చుట్టి, పని అయ్యాక తీసేశాను.

వెలిగించడం కూడా మెట్లు మెట్లుగానే చేశాను. ముందు 82 ఓమ్‌లతో, అంటే 15 మిల్లీఆంప్‌ల దగ్గర, ఎర్రటి మసక వెలుతురు మాత్రమే వచ్చింది. 56 ఓమ్‌లకు మార్చేసరికి, 22 మిల్లీఆంప్‌ల దగ్గర, కాగితం మీద ఆ సన్నటి మెరిసే గరుకుదనం కనిపించింది. అది కనిపిస్తే లేజర్ మొదలైనట్టే. ఎంత సంతోషమేసిందో! చివరికి 47 ఓమ్‌ల దగ్గర ఆపాను. డేటాషీట్ ఇచ్చిన కరెంట్ కంటే అది కాస్త తక్కువే. వెలుగులో తేడా కంటికి పెద్దగా తెలియదు, డయోడ్ మాత్రం ఎక్కువ కాలం బతుకుతుంది.

లెన్స్ మరను తిప్పుతూ, గది అవతలి గోడ మీద చుక్క వీలైనంత చిన్నదయ్యేలా ఫోకస్ చేశాను. చుక్క గుండ్రంగా రాలేదు, కొంచెం సాగినట్టుంది. డయోడ్‌లో కాంతి వచ్చే చోటు సన్నటి చీలికలా ఉంటుంది కాబట్టి అది సహజమే.

5 మిల్లీవాట్లు చిన్నదని అనుకోకండి, సూటిగా కంట్లో పడితే ప్రమాదమే. బల్ల మీద నుంచి అద్దాలు, మెరిసే పనిముట్లు తీసేశాను. కిరణం ఎప్పుడూ కంటి ఎత్తు కంటే కిందే ఉంచాను.

ఇప్పుడు బాడీ సంగతి. నా డయోడ్ మెటల్ కేస్ పాజిటివ్‌కి కలిసి ఉంది, టార్చ్ బాడీ నెగటివ్. ఉన్నదున్నట్టు దూరిస్తే డ్రైవర్ అవుట్‌పుట్ షార్ట్ అయి డయోడ్ వెలగనే వెలగదు. ప్లాస్టిక్ తొడుగు వేస్తే షార్ట్ తప్పుతుంది గానీ డయోడ్ వేడి బాడీలోకి పోదు. అందుకే సెల్స్ తిరగేసి బాడీనే పాజిటివ్ చేసి, ఐసీని నెగటివ్ వైపుకి మార్చాలని నిర్ణయించుకున్నాను. ఆ మార్పు అయ్యాక డమ్మీ లోడ్ పరీక్ష మళ్లీ మొదటినుంచీ చేసి, తర్వాతే డయోడ్‌ని కలుపుతాను.