ప్రాక్టీస్ రోజు, టైర్ల గోల

ఈరోజు బైక్ రేసు లేదు, వట్టి ప్రాక్టీసే. రేపు పొద్దున క్వాలిఫయింగ్, అంటే రేసులో ఎవరు ఏ వరసలో నిలబడాలో తేల్చే సెషన్, ఆ తర్వాత రెండు రేసులు. ప్రాక్టీస్ రోజున ఎవరూ గెలవరు, ఎవరూ ఓడరు, చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఏ పిట్ (బండ్లు పెట్టుకుని సిద్ధం చేసుకునే చోటు) ముందు ఆగినా ఒకటే మాట: టైర్లు. కాబట్టి ఈ రాత్రి అదే రాసుకుంటున్నా.

పొద్దున బాగా చల్లగా ఉంది. బండిని స్టాండ్ల మీదకి ఎత్తి, రెండు చక్రాలకీ వార్మర్లు (టైర్లని వేడిచేసే కరెంటు దుప్పట్లు) చుట్టి, 80 డిగ్రీలు పెట్టి జనరేటర్ ఆన్ చేశా. కాసేపటికే టైరు పైభాగం చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, కొత్తవాళ్ళు ఇక అయిపోయిందనుకుని వార్మర్ లాగేస్తారు. అది పైపై వేడే. లోపలి పొరలు, రిమ్, లోపలున్న గాలి, ఇవన్నీ వేడెక్కాలంటే దాదాపు గంట పడుతుంది. అందుకే నేను చూడాల్సి వస్తే టైరుని కాదు, రిమ్‌ని ముట్టుకుంటా. రిమ్ ఇంకా చల్లగానే ఉంటే గేజ్ చూపించే అంకెని నమ్మి లాభం లేదు, ట్రాక్ మీద నాలుగు ల్యాపులు తిరిగేసరికి ఆ గాలి ఇంకా వేడెక్కి ప్రెషర్ ఎక్కడికో పోతుంది. సుమారు లెక్క చెప్పాలంటే, 25 డిగ్రీల దగ్గర 26 పీఎస్ఐ (గాలి ప్రెషర్ కొలత) కొడితే 80 డిగ్రీలకి అది 33 దాటుతుంది. లోపల తేమ ఉంటే ఇంకాస్త ఎక్కువే. "నువ్వెంత పెట్టావు?" అని ఎవరైనా అడిగితే నేను ముందు "చల్లగానా, వేడిగానా?" అని అడుగుతా. ఆ ముక్క తేల్చుకోకుండా ఒకరి అంకె ఇంకొకరు పెట్టేసుకుని, ట్రాక్ మీదకెళ్ళి టైరుని తిట్టుకునేవాళ్ళని చూస్తూనే ఉంటా.

మధ్యలో నా జనరేటర్ ఆగిపోయింది. పక్క పిట్ అన్న ఏమీ అడక్కుండానే తన దాన్నుంచి ఒక వైరు లాగి ఇచ్చాడు. ఈయన మా గ్రిడ్‌లో, అంటే రేసు మొదలయ్యే వరసల్లో, ఎప్పుడూ ముందుండే మనిషి. నాకంటే ల్యాపుకి మూడు సెకన్లు ఈజీగా ముందుంటాడు. అవతలి పక్క పిట్‌లో ఒక కుర్రాడు దిగాడు, రేసింగ్‌కి కొత్త. మధ్యలో నేను. ముగ్గురివీ 600 సీసీ బండ్లే, ముగ్గురం వేసుకున్నదీ ఒకే కంపెనీ స్లిక్ (గాడుల్లేని నున్నటి రేస్ టైరు), వెనకాల కాంపౌండ్, అంటే రబ్బరు రకం, కూడా ఒకటే, మెత్తటిది. ఇది కావాలని పెట్టుకున్న పరీక్ష కాదు, అలా కుదిరిందంతే.

మొదటి సెషన్ నుంచి వచ్చీ రాగానే కుర్రాడు హెల్మెట్ కూడా తియ్యకుండా నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, ఈ టైర్లకి గ్రిప్పే లేదన్నా, రెండో మలుపులో వెనక చక్రం జారిపోయింది, ప్రాణం పోయినంత పనైంది" అన్నాడు. వార్మర్లు ఉన్నాయా అంటే లేవన్నాడు. ఎవరో స్లిక్ వేస్తే టైమ్ దానంతటదే తగ్గుతుందని చెప్పారట. వెళ్ళి వంగి టైరు చూశా. కుడి పక్క, అంచుకి కాస్త ఇవతల, రబ్బరు గరుకుగా చిరిగి ఉంది. చిరిగిన చోట అంచులు పదునుగా, గట్టిగా తగులుతున్నాయి, వేలితో నొక్కితే మెత్తగా లొంగట్లేదు. కొన్ని చోట్ల చిన్న చిన్న పెచ్చులే లేచిపోయాయి. దీన్ని మేం కోల్డ్ టేర్ అంటాం. రబ్బరు లోపలిదాకా వేడెక్కకముందే గట్టిగా లాగితే, అది సాగి రోడ్డుని పట్టుకోలేక తెగిపోతుంది.

అదే సెషన్‌లో తిరిగొచ్చిన పక్క అన్న టైరు చూస్తే కథ ఇంకోలా ఉంది. అదే కుడి పక్క, నున్నగా, కాస్త నీలం రంగు తిరిగి మెరుస్తోంది. పెన్సిల్ రాతని రబ్బరుతో చెరిపితే నలకలు చుట్టుకుంటాయి చూడండి, అలా సన్నటి చుట్టలు అంచు పొడుగూతా అతుక్కుని ఉన్నాయి. ఇది వేడి ఎక్కువైన టైరు. ఆయన ఫిర్యాదేంటంటే "ఆరు ల్యాపులు అద్భుతం తమ్ముడూ, ఏడో ల్యాపు నుంచి గ్యాస్ ఇస్తుంటే వెనకంతా తిరిగిపోతోంది, ఇంత మెత్తటిది రేసు మొత్తం నిలబడదు" అని.

ఒకే టైరు. ఒకే ట్రాక్, ఒకే అరగంట. ఒకాయనకి మరీ మెత్తగా ఉంది, ఇంకొకడికి అసలు పట్టే లేదు. నాకేమో ఏ లోటూ కనపడలేదు. ముగ్గురూ అబద్ధం చెప్పట్లేదు.

రేసర్లు టైర్ల గురించి చెప్పే అనుభవాల్లో నాకు నచ్చనిది ఇదే. "ఆ టైరు సూపర్", "ఈ టైరు చెత్త" అంటారు గానీ, తాము ల్యాప్ ఎంతలో తిరుగుతారో చెప్పరు. రేస్ టైరు పనిచేసే వేడి ఒక హద్దులో ఉంటుంది. ఆ హద్దులోకి దాన్ని తీసుకెళ్ళేది బ్రేక్, వంపు, థ్రాటిల్. వార్మర్ ఇచ్చేది ఆరంభం మాత్రమే, ఆ తర్వాత దాన్ని వేడిగా ఉంచాల్సింది నడిపేవాడే. గట్టిగా బ్రేక్ పడితేనే ముందు టైరు నలిగి వేడెక్కుతుంది, మలుపు నుంచి బయటికొస్తూ గట్టిగా గ్యాస్ ఇస్తేనే వెనకది. ఈ రెండూ చెయ్యకుండా నెమ్మదిగా తిరిగితే టైరు నిమిషనిమిషానికీ చల్లారిపోతూ ఉంటుంది. ముందు వరస వాడు పొగిడిన టైరుని వెనక వరస వాడు కొంటే దెబ్బతినేది ఇందుకే. కుర్రాడితో కూడా ఇదే అన్నా: "నీ వేగానికి ఇది కాదు తమ్ముడూ, గాడులున్న ట్రాక్ టైరు వేసుకో, అది తక్కువ వేడిలోనే పట్టు ఇస్తుంది." మొహం మాడ్చుకున్నాడు. స్లిక్ తియ్యమంటే స్థాయి తగ్గించినట్టు అనిపించిందేమో, ఆ వయసులో మాకూ అలాగే ఉండేది.

ఇంకో తిరకాసు కూడా ఉంది. చలిగా ఉంటే మెత్తటి కాంపౌండ్ వెయ్యాలని చాలామంది అనుకుంటారు. పిరెల్లీ అనే టైర్ల కంపెనీ వాళ్ళ వెనక స్లిక్కుల్లో ఎస్‌సీ0 మెత్తనిది, ఎస్‌సీ1, ఎస్‌సీ2 వరసగా గట్టివి. ఆ ఎస్‌సీ0 బాగా పనిచేసేది ఎండకి కాలిన, నున్నటి ట్రాక్ మీద. చల్లటి గరుకు తారు మీద మెత్తటి రబ్బరే ముందు చిరుగుతుంది. ఈ మాట విన్న ప్రతివాడూ మొదట నమ్మడు.

మధ్యాహ్నం ట్రాక్‌ని ఎండ కాల్చేస్తోంది, అందరం నీడ పట్టున చేరాం, ఇక మోటోజీపీ (బైక్ రేసుల ప్రపంచ పోటీ) కబుర్లు. ప్రెషర్ గురించే వాదన మొదలైంది. అక్కడ 2024 నుంచి ముందు టైరు ప్రెషర్ కనీసం 1.8 బార్ (ఇదీ ప్రెషర్ కొలతే) ఉండాలి, మెయిన్ రేసులో 60 శాతం ల్యాపులు ఆ పైనే ఉండాలి, లేదంటే 16 సెకన్ల పెనాల్టీ. ఇంకో బండి వెనకాలే పడి నడిస్తే చల్లగాలి తగలక ముందు టైరు వేడెక్కి ప్రెషర్ పెరుగుతుంది, ఒంటరిగా ముందుంటే తగ్గుతుంది. 2025లో థాయ్‌లాండ్‌లోని బురిరామ్‌లో మార్క్ మార్కెజ్ లీడ్‌లో ఉండి కూడా కావాలని నెమ్మదించి, తమ్ముడు అలెక్స్‌ని ముందుకి పోనిచ్చి, అతని వెనకాలే ఉండి ప్రెషర్ పెంచుకుని, చివర్లో దాటి గెలిచాడు కదా. అదే ఏడాది ఖతార్‌లో విన్యాలెస్ అనే రేసర్ రెండో స్థానంలో గీత దాటాడు, ప్రెషర్ తక్కువైందని 16 సెకన్లు కలిపితే 14కి పడిపోయాడు. "అంత పెద్ద టీమ్, అన్ని కంప్యూటర్లు పెట్టుకుని కూడా..." అని ఒకాయన. నా మటుకు నాకు విన్యాలెస్ మీద జాలి వేసింది. ముందు వరసలో పరిగెడతానని ముందే తెలిస్తే ప్రెషర్ దానికి తగ్గట్టు పెట్టేవాళ్ళు, గుంపులో ఇరుక్కుంటామనుకుని తక్కువ పెట్టి ఉంటారు. పోటీ బాగా జరిగినందుకే శిక్ష పడినట్టయింది.

అక్కణ్ణించి మాట జర్మనీలోని సాక్సెన్‌రింగ్ ట్రాక్‌కి పోయింది. పది ఎడమ మలుపులు, మూడే కుడివి. వరసగా ఎడమవైపే వంగి వంగి వస్తుంటే టైరు కుడి పక్క గాలికి చల్లారిపోతుంది, సరిగ్గా అప్పుడు దిగుడులో, మంచి వేగంలో పదకొండో మలుపు వస్తుంది, అది కుడి. ప్రపంచంలో మేటి రేసర్లు ఏటా అక్కడ పడుతూనే ఉంటారు. ఒకే టైరుకి ఎడమ పక్క గట్టి రబ్బరు, కుడి పక్క మెత్తటిది వేసి తయారు చేసినా సరే. 2013లో ఆస్ట్రేలియాలోని ఫిలిప్ ఐలాండ్ ట్రాక్‌లో కొత్త తారు టైర్లని తినేస్తోందని రేసుని 19 ల్యాపులకి కుదించి, ఒక టైరు మీద పదికి మించి ల్యాపులు తిరగకూడదన్నారు, మార్క్ మార్కెజ్ ఒక ల్యాపు ఎక్కువ తిరిగి నల్ల జెండా చూశాడు, అంటే రేసు నుంచి తీసేశారు. ఇది ఎవరైనా చెప్పగానే అందరూ నవ్వుతారు, ఎందుకో.

తర్వాతి సెషన్‌కి ముందు నా వెనక టైరు నింపాదిగా చూసుకున్నా. స్లిక్ మీద అరుగుదల తెలియడానికి చిన్న చిన్న గుంటలు ఉంటాయి, వాటి మీదుగా వేలు ఒకవైపు పోనిస్తే నున్నగా ఉంది, ఎదురు పోనిస్తే గుంట అంచు గోరుకి తగులుతోంది. అంటే రబ్బరు ఒకే వైపు మడతపడి అరుగుతోంది. టైరు తప్పు కాదనిపించింది, వెనక షాక్ (కుదుపులు ఆపే సస్పెన్షన్ స్ప్రింగు) కుంగాక తిరిగి లేవడానికి ఎక్కువసేపు తీసుకుంటోందని అనుమానం. షాక్ త్వరగా లేచేలా రీబౌండ్ రెండు క్లిక్కులు వదిలా, ప్రెషర్ ముట్టుకోలేదు. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలిసి చావదు. సెషన్ అయ్యాక చూస్తే అంచు పోలేదు గానీ బాగా తగ్గింది.

ఆ సెషన్‌లోనే ఎండకి ట్రాక్ జిడ్డు తేలినట్టు అనిపించింది. పొడుగాటి ఎడమ మలుపు చివర గ్యాస్ ఇస్తుంటే సీటు కింద వెనక చక్రం మెల్లగా బయటికి జరుగుతోంది, ఇంజిన్ చప్పుడు పెరుగుతోంది గానీ బండి ఆ మేరకు ముందుకి పోవట్లేదు. ఇది భయపడాల్సిన జారుడు కాదు. టైరు ముందే చెప్పి జారుతోంది, థ్రాటిల్ పిసరంత తగ్గిస్తే మళ్ళీ పట్టేస్తుంది. భయపడాల్సింది చెప్పకుండా జారి, నువ్వు గాభరాగా గ్యాస్ మూసెయ్యగానే ఒక్కసారిగా పట్టుకునే టైరు. అప్పుడే బండి మనిషిని పైకి విసిరేస్తుంది. నేలకి ఆనే రబ్బరు అరచేయంత కూడా ఉండదు, దాని మీద ఇదంతా జరుగుతోందని ఆ టైమ్‌లో గుర్తురాదు, రాకపోవడమే మంచిది.

మూడు పిట్‌ల అవతల ఇంకొకాయన వెనక టైరు 180/55 తీసి 180/60 వేశాడు, పొద్దున్నించి ముందు చక్రం వణుకుతోందని గొణుగుతున్నాడు. మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది ఆ వెడల్పులో సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు ఎంత శాతమో. వెడల్పు అంతే, సైడ్‌వాల్ మాత్రం లెక్క ప్రకారం 9 మిల్లీమీటర్లు పెరిగింది. బండి వెనక అంత లేచినట్టే, బరువు ముందుకి తోసినట్టే. సస్పెన్షన్ ముట్టుకోకుండా టైరు కంపెనీ మారుస్తానంటున్నాడు. నేనేం మాట్లాడలేదు. అడిగితే చెప్పేవాణ్ణి.

కుర్రాడికి పక్క అన్న తన వ్యాన్‌లోంచి పాత గాడుల టైర్ల సెట్ తీసిచ్చాడు. బాగానే రబ్బరు ఉంది వాటి మీద. అయితే వాడిన రేస్ టైర్లని చూపుతో లెక్కెయ్యకూడదు. వేడెక్కి చల్లారిన ప్రతిసారీ రబ్బరు కొంచెం గట్టిపడుతుంది, గాడులు లోతుగా ఉన్నా పట్టు పోయి ఉంటుంది. ఆయన మాత్రం ఏ టైరు ఎన్నిసార్లు వేడెక్కిందో సైడ్‌వాల్ మీద తెల్ల మార్కర్‌తో గీతలు పెట్టుకుంటాడు, కాబట్టి ధైర్యంగా ఇచ్చాడు. ఆఖరి సెషన్ అయ్యాక వీడు వచ్చి "మెత్తగా ఊగుతోందన్నా, స్లిక్ అంత నిక్కచ్చిగా లేదు" అని పెదవి విరిచాడు. టైమింగ్ షీట్‌లో చూస్తే పొద్దుటికంటే నాలుగు సెకన్లు తక్కువ. అది చూపిస్తే పొద్దున ట్రాక్ చల్లగా ఉంది కదన్నా అన్నాడు. అదీ నిజమే, మొత్తం టైరు గొప్పేమీ కాదు. కానీ రేపు వాటితోనే దిగుతున్నాడు, స్లిక్కులు వ్యాన్‌లో పెట్టేశాడు.

నాకు రేపటికి ముందు కొత్తది, వెనక ఇవాళ్టి టైరే, క్వాలిఫయింగ్ దాకా. రేసులకి కాస్త గట్టి కాంపౌండ్ వేద్దామా అని పక్క అన్నతో మాట్లాడా, ఆయన ఎలాగూ మారుస్తున్నాడు. ఆయన వేడికి గట్టిది కావాలి, నా వేగానికి అక్కర్లేదు. మెత్తటిదే ఉంచుతున్నా, వార్మర్ తీశాక ప్రెషర్ ముందు 33, వెనక 24. వర్షం పడేలా ఉందంటున్నారు, వెట్ టైర్లు విడి రిమ్ముల మీద ఎక్కించే ఉన్నాయి, జనరేటర్ సంగతే ఇంకా తేలలేదు.