మజిలీలు చేసుకుంటూ వెళ్ళిన వలస

ప్రయాణానికి రెండు రోజుల ముందు మా అమ్మాయి మెట్ల మీద కూర్చుని, పాత టూత్‌బ్రష్‌తో తన బూట్ల అడుగున గాడుల్లో పేరుకున్న మట్టిని గీకి తీసింది. న్యూజీలాండ్‌కు వెళ్ళేవారు బూట్లకూ సైకిల్ చక్రాలకూ మట్టి అంటుకుని లేకుండా చూసుకోవాలి. ఆ మట్టిలో దాగి ఉండే విత్తనాలు, శిలీంధ్రాలు, పురుగుల గుడ్లు అక్కడి అడవులకూ పొలాలకూ చేటు తెస్తాయి. అందుకే ఆ దేశంలో అడుగుపెట్టే ప్రతి ఒక్కరి పేరిట, ఒళ్ళో ఉన్న పసిబిడ్డ పేరిట సైతం, వెంట ఏమేమి తెస్తున్నారో తెలిపే డిక్లరేషన్ వేరుగా ఇవ్వాలి. ఇదంతా ఓపికగా వివరించిన తరువాత అమ్మాయి ఒక్క ప్రశ్న అడిగింది: “అయితే మన మట్టి కొంచెం కూడా మనతో రాకూడదా అమ్మా?” రాకూడదని చెప్పాను. ఇంకేమీ అడగకుండా రెండో బూటు చేతిలోకి తీసుకుంది.

మావారికి న్యూజీలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌లో ఉద్యోగం ఖాయమయ్యే నాటికి అమ్మాయికి ఏడేళ్ళు, అబ్బాయికి మూడేళ్ళు. వెంటవెంటనే విమానాలు మారుతూ వీలైనంత తొందరగా చేరిపోవడమే మేలని అందరూ సలహా ఇచ్చారు. మేము మాత్రం సింగపూర్‌లో నాలుగు రాత్రులు, ఆక్లండ్‌లో రెండు రాత్రులు ఆగి, అక్కడి నుంచి వెల్లింగ్టన్‌కు రైలులో వెళ్ళాలని నిశ్చయించుకున్నాము. పిల్లలు డస్సిపోకుండా ఉండాలన్నది అప్పటి మా ఆలోచన. ఆ మజిలీల వల్ల తాము ఎంత దూరం వచ్చామో పిల్లలు తమ ఒంటితో తెలుసుకున్నారు. విమానం కిటికీ తెర దించుకుని ఒక చోట నిద్రపోయి మరో చోట మేలుకున్న పిల్లవాడికి, తాను విడిచి వచ్చిన ఇల్లు పక్క వీధిలోనే ఉన్నట్టు తోస్తుంది.

కాగితాల గురించి ఎక్కువ చెప్పను. జనన ధ్రువపత్రాల అసలు ప్రతులు, టీకాల రికార్డులు, పాత బడి ఇచ్చిన పత్రాలు ఓడలో వెళ్ళే సామానులో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. న్యూజీలాండ్‌లో శిశు కేంద్రాలవారూ ప్రాథమిక పాఠశాలలవారూ చేర్చుకునేటప్పుడు టీకాల పత్రం చూపించమంటారు. ఓడలో వేసిన పెట్టెలు మాకు పదకొండు వారాల తరువాత గాని చేరలేదు. పిల్లలు ఏ దుప్పటి లేకపోతే నిద్రపోరో ఆ దుప్పటి కూడా పత్రాలంత ముఖ్యమైనదని, పొరపాటున దాన్ని పెట్టెలో వేసి, చివరి క్షణంలో మళ్ళీ తీయించిన అనుభవంతో చెబుతున్నాను.

సింగపూర్‌లో మేము చేసిన తప్పు ఒకటి బయటపడింది. అబ్బాయి చిన్నవాడు, బెంగపెట్టుకుంటాడేమోనని, “మనం ఊళ్ళు చూడటానికి వెళుతున్నాం” అని వాడికి చెప్పి ఉంచాము. మొదటి రెండు రోజులూ వాడు ఎంతో సంబరంగా గడిపాడు. చాంగీ విమానాశ్రయం పక్కనున్న జ్యూవెల్ అనే కట్టడంలో, అద్దాల కప్పు నడుమ నుంచి 40 మీటర్ల ఎత్తున దూకే జలపాతాన్ని చూసి, కట్టడం లోపల వాన ఎలా పడుతుందని అడిగాడు. మూడో రోజు ఉదయం బొటానిక్ గార్డెన్స్‌కు వెళ్ళాము. 1859లో మొదలైన తోట అది. 2015లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. పెద్ద పెద్ద చెట్ల నీడన కొలను గట్టుమీద కూర్చున్నప్పుడు వాడు నా కొంగు లాగి, “ఊళ్ళు చూసేశాం కదా, ఇంక ఇంటికి పోదాం” అన్నాడు. చెప్పులు కూడా తొడుక్కుని లేచి నిలబడ్డాడు.

అక్కడే, ఆ గట్టుమీదే, వాళ్ళ నాన్న వాడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పారు. ఆ ఇంట్లో ఇప్పుడు మన మంచాలు లేవని, కొత్త ఇల్లు ఇంకా రాలేదని, అక్కడికి చేరడానికి ఇంకొక విమానమూ ఒక రైలూ ఎక్కాలని చెప్పారు. వాడు చాలాసేపు ఏడ్చాడు. మేము ఆపలేదు. మూడేళ్ళ పిల్లవాడికి ఈ సంగతి తెలియకపోవడమే నయమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేను. తెలియని పిల్లవాడు ప్రతి సాయంత్రమూ తిరుగు ప్రయాణం కోసం ఎదురుచూస్తాడు; ఎదురుచూసిన ప్రతిసారీ మళ్ళీ కొత్తగా నిరాశపడతాడు. ఆ రోజు తరువాత వాడు “ఇంటికి పోదాం” అనడం మాని, “కొత్త ఇంటికి ఇంకా ఎన్ని ఎక్కాలి?” అని అడగసాగాడు. నేను వేళ్ళు చూపించేదాన్ని. అప్పటికి రెండు వేళ్ళు.

సింగపూర్ భూమధ్యరేఖకు దాదాపు 140 కిలోమీటర్ల దూరంలోనే ఉంది కాబట్టి, ఆక్లండ్ విమానం పైకి లేచిన కాసేపటికే ఆ రేఖను దాటింది. సీటు ముందున్న తెరమీద పటంలో ఆ గీత జరిగిపోవడం చూసి, అమ్మాయి తన నోటు పుస్తకంలో ఒక బంతి బొమ్మ వేసి నడుమ గీత గీసింది. దాదాపు పది గంటల ఆ ప్రయాణంలో కష్టమంతా చివరి అరగంటలోనే ఉంటుంది. చిన్నపిల్లల్లో గొంతు నుంచి మధ్య చెవికి వెళ్ళే గొట్టం సన్నగానూ కొంత అడ్డంగానూ ఉండటం వల్ల, విమానం కిందికి దిగుతూ లోపలి గాలి ఒత్తిడి పెరుగుతున్నప్పుడు ఆ గొట్టం తేలికగా తెరుచుకోక చెవిపోటు వస్తుంది. నిద్రలో గుటకలు తక్కువ పడతాయి కాబట్టి, జాలిపడి పిల్లల్ని అలాగే పడుకోనివ్వకుండా, దిగడం మొదలయ్యే ముందే లేపి, కొంచెం కొంచెంగా నీళ్ళు తాగిస్తూ ఉండాలి. మొదటి విమానంలో వాణ్ణి లేపక, వాడి ఏడుపు విన్నాము. రెండోసారి లేపాము, ఏ ఇబ్బందీ రాలేదు.

మేము చేరినది జనవరి, అక్కడ నడివేసవి. బడులు జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో తెరుస్తారని ఆ సమయాన్ని ఎంచుకున్నాము. వేసవిలో ఆ దేశపు గడియారం సింగపూర్ కన్నా అయిదు గంటలు ముందు నడుస్తుంది; అంటే అక్కడ రాత్రి తొమ్మిదయ్యేసరికి పిల్లల ఒళ్ళు ఇంకా సాయంత్రం నాలుగు గంటల్లోనే ఉంటుంది. పైగా ఆ నెలలో తొమ్మిది కావస్తున్నా బయట వెలుతురు పోదు. కోప్పడి పడుకోబెట్టాలని చూడటం వృథా ప్రయాస. పొద్దున్నే లేపి ఎండలో తిప్పడం, సాయంత్రం తెరలు దించి గది చీకటి చేయడం, ఈ రెండే పనిచేశాయి. మొత్తం తేడాలో కొంత సింగపూర్‌లోనే తీరిపోయి ఉండటం వల్ల అయిదారు రోజుల్లో గాడిన పడ్డారు.

ఆక్లండ్ నుంచి వెల్లింగ్టన్‌కు విమానంలో గంట ప్రయాణం. నార్తర్న్ ఎక్స్‌ప్లోరర్ రైలుకు సుమారు 680 కిలోమీటర్ల దారి, పదకొండు గంటలకు కాస్త అటూ ఇటూ పడుతుంది. ఆ పగలంతా పిల్లలు కిటికీకే అతుక్కుపోయారు. నడిమధ్యలో రౌరిము అనే చోట, కొండ వాలు మరీ నిట్టనిలువుగా ఉండటంతో, పట్టాలను ఒక పూర్తి చుట్టూ మూడు గుర్రపునాడా వంపులూ రెండు సొరంగాలుగా తిప్పి పైకి ఎక్కించారు. 1908లో ఈ మార్గం పూర్తయింది. రైలు మెలికలు తిరుగుతూ ఎక్కుతున్నప్పుడు, మేము అంతకు ముందే దాటి వచ్చిన పట్టాలు చెట్ల సందుల్లో నుంచి కింద కనిపించాయి. “మనం వచ్చిన దారి అదేనా?” అని అమ్మాయి నమ్మలేనట్టుగా అడిగింది. అదేనని చెప్పగానే నోటు పుస్తకంలో ఆ చుట్టును గీసి, కింద ఒక చుక్క, పైన ఒక చుక్క పెట్టింది. ఆ తరువాత రువాపెహు అగ్నిపర్వతం కనిపించినప్పుడు రైలు పెట్టెలోని పెద్దవాళ్ళందరూ ఫోటోల కోసం లేచారు గాని, మా పిల్లలకు మాత్రం ఆ దాటి వచ్చిన పట్టాలే గుర్తుండిపోయాయి.

వెల్లింగ్టన్ చేరాక మూడు వారాలు అద్దె గదుల్లో గడిపి, కొండ వాలులో ఉన్న ఒక చిన్న ఇంట్లో దిగాము. మంచాలు రాలేదు, నేలమీద పరుపులు వేసుకున్నాము. ఫిబ్రవరిలో ఒక రాత్రి నిండు చందమామ కిటికీలో నుంచి కనబడితే అబ్బాయి లేచి కూర్చుని కుందేలు ఏదని అడిగాడు. నేనూ చూశాను. మేము ఎరిగిన తీరులో లేదు. మచ్చలన్నీ పక్కకు తిరిగిపోయి ఉన్నాయి. కుందేలును కూడా పాత ఇంట్లో వదిలేసి వచ్చామేమోనని వాడి ముఖం చిన్నబోయింది.

అమ్మాయి దీపం వేసి నోటు పుస్తకం తెచ్చింది. బంతి బొమ్మ తీసి, గీతకు పైన ఒక మనిషినీ, గీతకు చాలా కింద మరో మనిషినీ నిలబెట్టి, ఇద్దరి తలలూ వేరు వేరు వైపులకు ఎలా ఒరిగి ఉన్నాయో తమ్ముడికి చూపించింది. “కుందేలు కదల్లేదురా. మనమే ఇంత దూరం వచ్చాం” అంది, పై మనిషి నుంచి కింది మనిషి దాకా వేలు నడిపిస్తూ. వాడు కాసేపు ఆ బొమ్మను చూసి, అక్క ఒళ్ళో చెంప ఆనించి, తలను పక్కకు వాల్చి, ఒక కన్ను మూసి చందమామ వైపు చూశాడు.

“ఉంది” అన్నాడు.